అన్న మంద, నా లైసెన్సు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇంటావిడను అడిగితే ముక్కు దాకా కూడా పోనక్కర లేదు, పెదవి మీదే తయారుగా ఉంటుంది అంటుంది. ఏళ్ల తరబడి కాలువల శాఖలో జీపు తోలిన మనిషికి ఆ మాత్రం కోపం ఉండదా? వెనక కూచున్న ప్రతి అధికారీ ఇటు తిప్పు, అటు తిప్పు, ఇక్కడెందుకు ఆపావు అనేవాడే. వాళ్ల మీద చూపించలేని కోపం మూట కట్టుకుని ఇంటికి తెచ్చేవాణ్ని. రిటైరయ్యాక అధికారులు పోయారు గానీ కోపం నాతోనే ఉండిపోయింది. అది నాకు చేసిన నష్టాల్లో పెద్దది ఇది.

రిటైరైనప్పుడు చేతికొచ్చిన దాంట్లోంచి ఒక పాత కారు కొన్నాను. నల్లగొండలో మేముండేది పానగల్ పోయే తోవలో. బజారుకు నడిచి పోవచ్చు, భువనగిరిలో ఉన్న బిడ్డ ఇంటికి బస్సులో పోవచ్చు. కారు ఎందుకయ్యా, వాకిట్లో జాగా దండగ అని ఇంటావిడ మొత్తుకుంది. ఎందుకో నాకు తెలుసు. అన్న దగ్గరికి పోవడానికి.

మా అన్న గొర్ల కాపరి. కోస్గి పక్కన మా ఊరు. మా బాపుకు ఇద్దరం కొడుకులం. ఒకడు మంద వెంట, ఒకడు బడికి అని ఆయన తేల్చేశాడు. పెద్దవాడు కాబట్టి అన్న మంద వెంట పోయాడు. చిన్నవాణ్ని కాబట్టి నేను బడికి పోయాను, అదీ పదో తరగతి దాకానే. తర్వాత డ్రైవింగ్ నేర్చుకుంటానంటే బాపు ఒప్పుకోలేదు. అన్న తన వాటా కింద పెంచుకుంటున్న పొట్టేలును కోస్గి అంగట్లో అమ్మేసి వచ్చి, నా చేతిలో డబ్బు పెట్టి, "పో తమ్మీ, నేర్సుకో" అన్నాడు. ఆ పొట్టేలు ఎట్లా ఉండేదో నాకిప్పటికీ గుర్తే. మెడ దగ్గర తెల్ల మచ్చ ఉండేది. నా మొదటి లైసెన్సు దాని మీద వచ్చిందే.

మా వైపు వానాకాలం పంటలే. పంట ఎత్తాక గొర్లకు మేత ఉండదు, నీళ్లూ ఉండవు. అందుకని చలి మొదలవుతుంటే అన్న మందను తోలుకుని తూర్పుకు, నల్లగొండ దిక్కు కాలువ కింది పొలాలకు వచ్చేవాడు. వరి కోసిన మళ్లలో గొర్లు మేస్తాయి. చీకటి పడితే ఆ మడిలోనే వల కట్టి మందను పెడతారు. పెంట పడితే పొలానికి బలం కాబట్టి రైతులే పిలిచి మరీ పెట్టించుకుంటారు. రెండు మూడు రోజులకు ఒక మడి, వారానికో ఊరు. తొలకరి పడితే మళ్లీ ఇంటిముఖం. మా వదిన పోయి చాలా ఏళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలూ అత్తగారిళ్లలో ఉన్నారు. ఊళ్లో ఇల్లు ఉందన్న మాటే గానీ ఆయనకు ఇల్లంటే మందే.

ఆ మంద ఉండే చోటికి బస్సు పోదు. ఆటోవాడికి చెప్పడానికి ఊరి పేరైనా ఉండాలి కదా. అన్న ఫోన్ చేసి, "పెద్ద తూము దాటినంక ఎడమకు కట్ట దిగు, ఆడ రెండు తాటిచెట్లు కనపడుతయి, గా చెట్ల కాడ ఉన్న" అనేవాడు. అంతే గుర్తు. ఎవరికి అర్థమవుతుంది? నాకవుతుంది. ఆ కాలువ కట్టల మీద నేను జీపు తోలని జాగా లేదు. ఏ తూము దగ్గర గుంత ఉంటుందో, ఏ కట్ట మీద రెండు బండ్లు పట్టవో కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ ఉద్యోగం అంతా నేను ఇందుకోసమే చేశానేమో అనిపించేది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరేవాణ్ని. వెనక సీట్లో నీళ్ల డబ్బాలు, జొన్న రొట్టెలు, ఇంటావిడ పెట్టిన మామిడికాయ తొక్కు, గొర్ల కడుపులో పురుగులు పోవడానికి తాపే నట్టల మందు. నన్ను చూడగానే కుక్కలు మొరుగుతూ ఎదురొచ్చేవి. అన్న లేచి గొంగడి దులిపి పరిచేవాడు. మేకపాలతో చాయ పెట్టేవాడు. ఆ తర్వాత పని. నేను గొర్రెను ఒడిసి పట్టి కాళ్ల సందున అదిమి పెడితే, అన్న దాని గిట్టలు కోసేవాడు. కుంటేదాన్ని చూసి పుండు కడిగేవాడు. చేతులు పని చేస్తుంటే మా నోళ్లు వాటంతట అవే మాట్లాడేవి. బాపు సంగతి, అవ్వ సంగతి, చిన్నప్పుడు మంద మీద తోడేలు పడిన కథ, వదిన వంట, నా జీపు, ఎవడి కూతురు ఎవడితో పోయింది, అన్నీ. ఇంట్లో ఎదురెదురుగా కూచుంటే మేమిద్దరం పది మాటలు మాట్లాడుకోలేం. అక్కడ మాత్రం పొద్దు వాలేదాకా ఆగేవాళ్లం కాదు.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మా ఇంట్లో ఒక అలవాటుంది. ఏ పని తలపెట్టినా అది అయ్యేదాకా బయట పెట్టరు. ముఖ్యంగా జీవాల బేరం. గొర్రెను అమ్మాలనుకుంటే అది పొలిమేర దాటేదాకా కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పేవాడు కాదు మా బాపు. చెబితే దిష్టి తగులుతుందని, బేరం చెడుతుందని, మందకు కీడని. మా ఇద్దరికీ ఆ అలవాటు నెత్తుర్లో దిగిపోయింది. నేను పెళ్లికి ఒప్పుకున్న సంగతి కూడా అన్నకు ముహూర్తం పెట్టాకే చెప్పాను. ఆయనేమీ అనుకోలేదు, ఆయనైనా అంతే చేసేవాడు.

మొన్నటి చలికాలం ఒక పొద్దున నీళ్ల బకెట్ ఎత్తుతుంటే నాకు ఎడమ రెక్క గుంజింది. తర్వాత ఛాతీ మీద ఎవరో కూచున్నట్టయింది. ఇంటావిడ కేక వేస్తే పక్కింటివాళ్లు వచ్చి దవాఖానకు తీసుకుపోయారు, అక్కణ్నుంచి హైదరాబాదు. రక్తనాళాల్లో రెండు స్టెంట్లు వేశారు. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన అన్న ఉన్నాడు. గొంగడి భుజాన వేసుకుని, గొర్ల వాసన అట్లాగే ఒంటి మీద పెట్టుకుని, నర్సులు ముక్కు మూసుకుంటున్నా కదలకుండా కూచున్నాడు. మందను మా ఊరి మనిషి ఒకతనికి అప్పజెప్పి వచ్చాడట. పుట్టి బుద్ధెరిగాక ఆయన మందను వేరేవాళ్ల చేతిలో పెట్టడం అదే మొదటిసారి.

నల్లగొండకు తిరిగొచ్చాక కొన్నాళ్లు మాతోనే ఉన్నాడు. నా లైసెన్సు గడువు సరిగ్గా అప్పుడే దగ్గర పడింది. నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేయించాను. ఈ వయసులో డాక్టరు సంతకం ఉన్న సర్టిఫికెట్ లేనిదే పని కాదన్నాడు సెంటర్ అతను. సరే, సంతకమే కదా అనుకున్నాను. ఇంతకుముందు ఎప్పుడు పోయినా డాక్టర్లు పేరడిగి, కళ్లు కనిపిస్తున్నాయా అని అడిగి సంతకం పెట్టి పంపినవాళ్లే. అన్న కూడా వస్తానన్నాడు. కాదంటే బాగుండదని తీసుకుపోయాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. బీపీ చూసింది, కళ్లు చూసింది, చేతులు ముందుకు చాపమంది. "పెద్దయ్యా, షుగర్ ఉందా? ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా? గుండెకు సంబంధించి ఏమన్నా ఉందా?" అని అడుగుతూ పోతోంది. నేను దేనికీ లేదు లేదు అంటూ పోతున్నాను. గుండె దగ్గరికొచ్చేసరికి నాలుక కొంచెం తడబడింది గానీ, అక్కడా లేదనే అనబోయాను.

వెనక గోడకానుకుని నిలబడ్డ అన్న అప్పుడు నోరు తెరిచాడు. "ఉన్నది గదమ్మా. మా తమ్మునికి గుండెల తీగెలేసిండ్రు పట్నంల. జర మంచిగ సూడుండ్రి," అన్నాడు.

ఆయన దృష్టిలో అది దవాఖాన. దవాఖానకు పోతే డాక్టరుకు రోగం చెప్పాలి, చెబితే మందిస్తారు. అక్కడికి మేం రోగం లేదని రాయించుకోవడానికి వచ్చామన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. ఎట్లా తడుతుంది? ఆయనకు తెలిసిన డాక్టరల్లా పశువుల డాక్టరు. అతని దగ్గర రోగం దాస్తే గొర్రె చచ్చిపోతుంది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. పట్నం కాగితాలు తెమ్మంది, అన్న సంచిలోంచి తీసి ఇచ్చాడు. అవీ వెంట తెచ్చాడు మహానుభావుడు. ఆమె అన్నీ చదివి నెమ్మదిగా చెప్పింది. "ఇప్పుడు సంతకం పెట్టలేను పెద్దయ్యా. మందులు వాడండి. ఎండలు ముదిరాక గుండె పరీక్ష మళ్లీ చేయించుకుని, గుండె డాక్టరుతో రాయించుకుని రండి. అప్పుడు చూద్దాం. అప్పటిదాకా బండి ముట్టుకోవద్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి వచ్చి చీటీల కిటికీ దగ్గర, అంత మంది జనం ముందు అన్నను పట్టుకున్నాను. "నిన్నెవరన్న అడిగిండ్రా? నోరు మూస్కోని నిలబడరాదా?" అన్నాను.

"నీ మంచికే చెప్పిన గదరా తమ్మీ," అన్నాడు.

"ఏం మంచి? బండి బంద్ చేయించినవ్. ఇగ నీ కాడికి నేనెట్ల రావాలె? గుండె పట్టుకోని నడుసుకుంట రావాల్నా?"

ఆ మాట అన్నాక కూడా నా కోపం దిగలేదు. ఆటోలో ఇంటిదాకా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఆయన సంచి సర్దుకున్నాడు. మందను చూసి చాలా రోజులైందన్నాడు. ఇంటావిడ అన్నం తిని పొమ్మంటే రెండు ముద్దలు తిని లేచాడు. పోయేముందు గడపలో ఆగి, "గుండె డాక్టరు ఏమంటడో, మల్ల బండి ఇస్తరో ఇయ్యరో," అని నేలకేసి చూస్తూ అన్నాడు. ఇస్తారన్నా, ఇంకో రెండు మూడు నెలల్లో తెచ్చుకుంటానన్నా సరిపోయేది. నేను టీవీ పెట్టుకున్నాను.

ఆ మర్నాటి నుంచి నాకు ఒకటే పట్టు. లైసెన్సు తెచ్చుకోవాలి. తెల్లారకముందే లేచి పానగల్ చెరువు దాకా నడిచేవాణ్ని. మొదట్లో సగం దూరం పోయి ఆయాసంతో కూచునేవాణ్ని, నెలయ్యేసరికి చెరువు దగ్గరి గుడి చుట్టూ తిరిగి రాగలిగాను. ఉప్పు మానేశాను, తొక్కు మానేశాను, బీడీ మొహం చూడలేదు. మాత్రలు ఒక్క పూట తప్పలేదు. ఇంటావిడ నవ్వేది. "గీ లైసెన్సు మీదున్న భక్తి గా దేవుని మీదుంటే ఎప్పుడో మోక్షం దొరుకు నీకు," అనేది. నిజమే కదా.

అన్నకు చెప్పావా అని అడిగింది ఒకసారి. చేతికి రానీ, ఆయన ముందు కారు తెచ్చి ఆపుతా, అప్పుడు చెబుతా అన్నాను. నా కోపం అప్పటికే దిగిపోయింది. దిగిపోయాక సిగ్గు పట్టుకుంది. ఆ సిగ్గుతో ఫోన్‌లో మాట్లాడటం నాకు చేతకాదు. నట్టల మందుతో, నీళ్ల డబ్బాలతో పోయి ఒక గొర్రెను పట్టి కాళ్ల సందున అదిమితే చాలు, అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను. ఫోన్ చేసిన రెండు మూడుసార్లూ ఆయన ఫోన్ మూగగానే ఉంది. మడుల్లో చార్జింగ్ ఎక్కడ దొరుకుతుంది, అది మామూలే. ఎవరినైనా బండి మీద తీసుకుపొమ్మని అడగొచ్చు కదా అంది ఇంటావిడ. ఇన్నేళ్లు ఊరందరినీ కూచోబెట్టుకుని తిప్పినవాణ్ని, ఇప్పుడు ఒకడి వెనక కూచుని పోవాలా? పోతే స్టీరింగ్ పట్టుకునే పోతా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎండలు ముదిరాయి. గుండె డాక్టరు నడిచే మిషను మీద నడిపించి చూశాడు, గుండె పంపు చేసే తీరు బాగుపడిందని రాసిచ్చాడు. అది పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోతే నన్ను గుర్తుపట్టింది. "మీ అన్న రాలేదా ఇవాళ?" అంది. దూరాలు తోలవద్దని, చీకట్లో తోలవద్దని, ఛాతీలో ఏమాత్రం తేడా అనిపించినా బండి పక్కకు ఆపాలని ఒట్టు పెట్టించుకున్నంత పని చేసి సంతకం పెట్టింది. "ఆయన చెప్పడం వల్లే మీకు మంచి జరిగింది. ఇంటికి పోయాక చెప్పండి ఆయనకు," అంది. చెబుతానన్నాను. ఆ చెప్పాల్సిన మాటను ఎట్లా మొదలుపెట్టాలో ఇంటికొచ్చేదాకా లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఆర్టీఏ ఆఫీసులో ఫొటో దిగాను. ఫొటో తీసే అతను కొంచెం నవ్వండి అన్నాడు, నేను నిజంగానే నవ్వాను. కొన్ని రోజులకు కార్డు పోస్టులో వచ్చింది. ఇంకో ఐదేళ్లకు ఇచ్చారు. ఇంటావిడ దాన్ని దేవుడి పటం ముందు పెట్టబోతే లాక్కుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు ఆదివారం కూడా కాదు. ఆగలేకపోయాను. డబ్బాల్లో నీళ్లు నింపి, రొట్టెలు కట్టించుకుని, నట్టల మందు పెట్టుకుని బయల్దేరాను.

అన్న ఆఖరుసారి చెప్పిన గుర్తు, తర్వాత ఏ ఏడాదైనా ఆ రోజుల్లో ఆయన ఎటు జరుగుతాడో నాకున్న లెక్క, ఈ రెంటితో కట్ట వెంబడి పోయాను. చేతుల్లో స్టీరింగ్ తిరుగుతుంటే ప్రాణం లేచొచ్చింది. మూడో ఊరి దగ్గర మందను చూశాను. దూరం నుంచే చిన్నగా అనిపించింది. దగ్గరికి పోతే కుక్కలు మొరిగాయి, అందులో అన్న కుక్క లేదు. లేచి వచ్చినతను ఆ మా ఊరి మనిషే, అన్న హైదరాబాదుకు వచ్చినప్పుడు మందను చూసుకున్నవాడు. ఎప్పుడూ అన్నతో జతగా మంద పెట్టేవాడు.

"మా అన్న ఏడి?" అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "మీ అన్న గొర్లన్ని అమ్మిండు గదనే. నీకు జెప్పలేదా?"

"అమ్ముడేంది?"

"మొత్తం మంద. పిల్లలతో సహా. ఆలంపూరు దిక్కు మనిషి కొనుక్కపోయిండు. ఇగ నది గూడ దాటి ఉంటయి." అతను నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "నేను గూడ అడిగిన, ఎందుకనీ. మా తమ్ముడు ఇగ రాలేడు, గుండె బాగలేదు, బండి బంద్ జేసిండ్రు, నేనే పోవాలె వాని కాడికి, గొర్లు ఎంట పెట్టుకోని ఎట్ల పోత అన్నడు."

నా చెయ్యి జేబు మీదికి పోయింది. గుండెకు ఏదో అయిందనుకుని అతను గబగబా వచ్చి నన్ను పట్టుకున్నాడు, నీళ్లు తాగు అన్నాడు. నాకేమీ కాలేదు. జేబులో కార్డు ఉంది, అంతే. అతనికి చూపిద్దామనుకుని మానేశాను. రొట్టెలూ నట్టల మందూ అతనికే ఇచ్చేశాను.

అప్పుడే ఇంటావిడ ఫోన్ చేసింది. "ఏడున్నవయ్యా? బావ ఒచ్చిండు. బస్సుల ఒచ్చిండు. కొత్త పంచె కట్టుకోని కూసున్నడు," అంది. ఆమె గొంతులో సంతోషమే ఉంది. ఆమెకింకా తెలియదు.

తిరిగి వస్తున్నంతసేపూ నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆయన్ను, నన్ను, మా బాపును, ఆయన నేర్పిన అలవాటును. ఇంటికొచ్చి కారు ఆపేసరికి అన్న వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. స్నానం చేసి, నూనె రాసుకుని, తెల్లటి పంచె కట్టుకుని. ఒంటి మీద గొర్ల వాసన లేదు. కారులోంచి నేను దిగడం చూసి లేచి నిలబడ్డాడు. తర్వాత ఎవరు తోలుకొచ్చారా అని కారు లోపలికి వంగి చూశాడు. లోపల ఎవరూ లేరు.

"ఎవరు అమ్ముమన్నరే నిన్ను?" అన్నాను. పోట్లాడినట్టే అన్నాను, వేరేగా అనడం నాకు రాదు.

"నువ్వే అంటివి గద, నడుసుకుంట రావాల్నా అని," అన్నాడు. "నువ్వు నడవద్దని నేనే ఒచ్చిన."

నేను జేబులోంచి కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయనకు చదవడం రాదు, కానీ నా ఫొటోను చూసి అదేమిటో తెలుసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇచ్చిండ్రా?" అన్నాడు. ఇచ్చారన్నాను. "ఎన్నేండ్లకు?" ఐదేళ్లకన్నాను. చాలాసేపు దాన్ని వేళ్లతో తడుముతూ కూచున్నాడు.

"నాకు చెప్పకపోతివి," అన్నాడు చివరికి.

"నువ్వు చెప్పినవా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. లోపల్నుంచి ఇంటావిడ చాయ తెచ్చి, మా ఇద్దరినీ చూసి, చాయ అక్కడ పెట్టి లోపలికి పోయింది. అన్న చాయ అందుకుని నవ్వే ప్రయత్నం చేశాడు. "నీ లైసెన్సుకు మొదటి నుంచి నా గొర్లేరా," అన్నాడు. నేనూ నవ్వుదామనుకున్నాను. నా వల్ల కాలేదు, ఏడుపొచ్చింది. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి రాస్తూ, "గుండెకు మంచిది గాదు, ఊకో," అన్నాడు.

కొన్నతని దగ్గరికి పోదాం, తిరిగి అడుగుదాం అన్నాను. ఒప్పుకోలేదు. అమ్మిన మందను వెనక్కి అడగడం మా వాళ్లలో లేదు. అడిగితే అతను ఇచ్చేవాడేమో, అది వేరే సంగతి. అడిగిన కాపరి మాత్రం ఇంకెవరి ముందూ తలెత్తుకోలేడు. పోనీ నాలుగు పిల్లలను కొని మళ్లీ మొదలుపెట్టు, నేనున్నాను కదా అన్నాను. "అవి పెద్దగయ్యే యాళ్లకు నేనుండొద్దా," అన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం అన్నే వస్తాడు. కోస్గిలో పొద్దటి బస్సెక్కి, మహబూబ్‌నగర్‌లో మారి, మధ్యాహ్నానికి చేరతాడు. ఇంటావిడ ఆయనకు ఇష్టమైనవన్నీ వండుతుంది. తింటాడు, బాగుంది అంటాడు. తర్వాత ఇద్దరం కుర్చీల్లో కూచుంటాం. ఎండ ఎక్కువైందంటాడు. అవునంటాను. మోకాలు నొప్పి ఎట్లుంది అంటాను. ఉంది అంటాడు. టీవీలో ఏదో వస్తూ ఉంటుంది. ఆయన చేతులు ఒళ్లో ఉంటాయి, ఒక చేత్తో ఇంకో చేతి వేళ్లను లాగుతూ ఉంటాడు. బాపు సంగతి ఎత్తుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. మంచి చెప్పుల్లో, గచ్చు మీద, ఫ్యాను కింద ఆ మాటలు రావు. ఆయన నా కోసం అంత పని చేసి నా దగ్గరికే వచ్చాడు. కానీ వారం వారం నేను కలుసుకోవడానికి పోయిన మనిషి ఈయన కాదు, ఆ మనిషి మందతోపాటే పోయాడు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన చేసినదాన్ని తక్కువ చేసినట్టవుతుంది.

మొన్నొకసారి తిరుగు బస్సు తప్పిపోయింది. ఇంకా బాగా పొద్దుంది, మహబూబ్‌నగర్ దాకా నేనే దింపుతానన్నాను. దూరం తోలనని, చీకట్లో తోలనని డాక్టరమ్మకు ఇచ్చిన మాట గుర్తుంది, మధ్యలో రెండు చోట్ల ఆగి, రాత్రికి మహబూబ్‌నగర్‌లోనే ఉండి తెల్లారాక తిరిగొద్దామనుకున్నాను. అన్న పక్క సీట్లో కూచుని, నేను చెప్పినట్టే బెల్టు పెట్టుకున్నాడు. దేవరకొండ దాటాక రోడ్డు వంపు తిరిగేసరికి ఎదురుగా మంద. రోడ్డు నిండా గొర్లే. బ్రేకు వేసి, ఇంజను ఆపేశాను.

కాపరి చాలా వెనక ఉన్నాడు. ముందున్న గొర్లు కారును చూసి బెదిరి గుంపుగా నిలబడిపోయాయి, ఎటూ పోవడం లేదు. మా వెనక లారీవాడు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. దానికి అవి ఇంకా ముడుచుకున్నాయి. అన్న బెల్టు తీసుకుని దిగాడు. పంచె ఎగగట్టి, రెండు చేతులూ చాచి మందకు ఎదురుగా నడిచాడు. చాలా నెలల తర్వాత ఆయన నడక ఆయనది అయింది. నేను అద్దం దించాను. ఆ కూత వినాలని. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన కూత, నాలుక అంగిలికి ఆనించి గొంతులోంచి తీసేది. అది వింటే మా మంద ఎక్కడున్నా తలెత్తేది.

ఆయన నోరు తెరిచాడు. తెరిచి, ఆగిపోయాడు. వేరేవాళ్ల మందకు కూత పెట్టకూడదు. పెడితే మంద రెండుగా చీలుతుంది, కాపరికి అది దొంగతనంతో సమానం. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు పక్కకు జరిగి నిలబడ్డాడు. లారీ హారన్ మోగుతూనే ఉంది. వెనక నుంచి ఆ కాపరి పరిగెత్తుకుంటూ వచ్చి తన కూత తాను వేశాడు. గొర్లు కదిలి, అన్నకు రెండు వైపులా పారుతున్నట్టుగా పోయాయి. ఆయన ఇంకో చెయ్యి కిందికి వేలాడుతోంది. పోతున్న గొర్ల వీపులు ఆ చేతికి తగులుతూ పోయాయి. ఆయన చెయ్యి తీయలేదు, ఏ గొర్రెనూ పట్టుకోలేదు.

చివరి పిల్ల దాటిపోయాక వచ్చి కార్లో కూచున్నాడు. బెల్టు తానే పెట్టుకున్నాడు. అరచేతిని ఒకసారి ముక్కు దగ్గరికి తెచ్చుకుని, దాన్ని ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నాడు.

"పోనియ్ తమ్మీ," అన్నాడు.